జావాస్క్రిప్టులో వ్యాఖ్యలు

జావాస్క్రిప్టు భాషలో వ్రాసిన ప్రోగ్రాములో, కంప్యూటరు ఆచరించడానికి కాక మనుషులు చదువుకోవడానికి ఉద్దేశించిన భాగాన్ని వ్యాఖ్య లేదా కామెంటు అందురు. జావాస్క్రిప్టు ఇంజిను వ్యాఖ్యలను విడిచిపెట్టి మిగిలిన కోడును మాత్రమే ఆచరించును. ఈ భాషలో వ్యాఖ్యలు ముఖ్యంగా రెండు రకములు. రెండు ఏటవాలు గీతలతో (//) మొదలై ఆ వరుస చివర ముగిసేవి మొదటి రకం. ఏటవాలు గీత, నక్షత్రం గుర్తులతో (/*) మొదలై, అవే గుర్తులు తిరగబడిన రూపంతో (*/) ముగిసేవి రెండవ రకం.

వ్యాఖ్యల వ్యాకరణం చాలా చిన్నది. అయినను వ్యాఖ్య వ్రాయుట తేలిక పని కాదు. కోడులో తప్పు ఉన్నచో ప్రోగ్రాము ఆగిపోవుటయో, తప్పుడు ఫలితం వచ్చుటయో జరిగి ఎప్పుడో ఒకప్పుడు బయటపడును. వ్యాఖ్యలో తప్పు ఉన్నచో యంత్రం ఏమియూ చెప్పదు. దానిని నమ్మి కోడును మార్చిన మనిషి మాత్రం మోసపోవును. కాబట్టి వ్యాఖ్య నిజమా కాదా అని చూచుకొనే బాధ్యత పూర్తిగా వ్రాసేవారిదీ, తరువాత ఆ కోడును సవరించేవారిదీ అగుచున్నది.

ఈ వ్యాసంలోని ఉదాహరణలలో చలరాశుల పేర్లు తెలుగులో ఇవ్వబడినవి. జావాస్క్రిప్టు దీనిని అనుమతించును. ఆ చలరాశులన్నీ ముందుగానే ప్రకటించబడినవని అనుకొనవలెను.

== చరిత్ర ==

జావాస్క్రిప్టును 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించెను. చూచుటకు జావా భాషను పోలి ఉండవలెనని సంస్థ కోరుటచే, దాని వ్రాతపద్ధతి చాలా భాగం సి, జావా భాషల నుండి తీసుకొనబడినది. వ్యాఖ్యల గుర్తులు కూడా ఆ విధంగానే వచ్చినవి.

ఈ రెండు గుర్తుల వయసు జావాస్క్రిప్టు కంటె చాలా ఎక్కువ. /* */ అనే జంట గుర్తులు 1960లలో ఐబీఎం సంస్థ తయారు చేసిన పీఎల్/వన్ భాషలో కనిపించును. బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాష ద్వారా అవి అన్ని చోట్లకూ వ్యాపించినవి. // గుర్తును 1967లో మార్టిన్ రిచర్డ్స్ రూపొందించిన బీసీపీఎల్ భాష వాడినది. బీసీపీఎల్ వంశంలోనే పుట్టిన సి భాష మొదట ఈ గుర్తును వదలివేసినది. జార్నె స్ట్రౌస్ట్రప్ రూపొందించిన సి++ భాష దీనిని తిరిగి తెచ్చినది. సి భాష ప్రమాణంలోనికి ఇది 1999లో గాని చేరలేదు.

జావాస్క్రిప్టుకు ఎక్మాస్క్రిప్టు అనే పేరుతో మొదటి ప్రమాణం 1997 జూన్‌లో వెలువడినది. రెండు రకాల వ్యాఖ్యలూ ఆ ప్రమాణంలోనే ఉన్నవి. నాటి నుండి నేటి వరకు వాటి నియమాలలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

== ఒక వరుస వ్యాఖ్య ==

// గుర్తు తరువాత ఆ వరుస చివరి వరకు ఉన్నదంతా వ్యాఖ్యయే. ఇది వరుస మొదట రావచ్చును, కోడు తరువాత కూడా రావచ్చును.

 // విద్యార్థి మొత్తం మార్కులు
 మొత్తం = తెలుగు + గణితం;
 సగటు = మొత్తం / 2; // రెండు పరీక్షల సగటు

వరుస ముగియగానే వ్యాఖ్య కూడా ముగియును. వరుసను ముగించే గుర్తు మాత్రం వ్యాఖ్యలో భాగం కాదు. అందుచేత ఒక వరుస వ్యాఖ్య తరువాతి వరుసలోని కోడుపై ఏ ప్రభావమూ చూపదు. సి భాషలో వరుస చివర వెనుకకు వాలిన గీత (\) ఉంచినచో వ్యాఖ్య తరువాతి వరుసకు కూడా సాగును. జావాస్క్రిప్టులో అట్లు జరగదు. అనేక వరుసల వ్యాఖ్య కావలసినచో ప్రతి వరుస మొదటా // ఉంచవలెను.

== బహుళ వరుసల వ్యాఖ్య ==

/* గుర్తుతో మొదలైన వ్యాఖ్య, తరువాత మొట్టమొదటగా కనిపించే */ గుర్తు వద్ద ముగియును. మధ్యలో ఎన్ని వరుసలైనా ఉండవచ్చును. ఒకే వరుసలో, కోడు నడుమ కూడా దీనిని ఉంచవచ్చును.

 /*
   కొలతలన్నీ మీటర్లలో ఉండవలెను.
   వైశాల్యం చదరపు మీటర్లలో వచ్చును.
 */
 వైశాల్యం = పొడవు /* గోడల మందం కాక */ * వెడల్పు;

ఈ రకం వ్యాఖ్యలు ఒకదానిలో ఒకటి ఇమడవు. ఈ క్రింది ఉదాహరణను చూడవలెను.

 /* బయటి వ్యాఖ్య
    /* లోపలి వ్యాఖ్య */
    ఈ వరుస వ్యాఖ్య కాదు */

మూడవ వరుసను వ్రాసినవారు వ్యాఖ్య అనుకొందురు. ఇంజిను మాత్రం రెండవ వరుసలోని */ వద్దనే వ్యాఖ్య ముగిసినదని గ్రహించి, మూడవ వరుసను కోడుగా చదువబోయి, వ్యాకరణ దోషం చూపును.

== ఇతర రూపాలు ==

ఈ రెండు గాక మరి రెండు ప్రత్యేక రూపాలు కలవు.

మొదటిది హెచ్‌టీఎంఎల్ భాష నుండి వచ్చిన <!-- గుర్తు. 1990లలో జావాస్క్రిప్టు తెలియని పాత బ్రౌజర్లు కూడా వాడుకలో ఉండెడివి. అవి వెబ్ పేజీలోని ప్రోగ్రామును మామూలు పాఠంగా భావించి తెరపై చూపెడివి. దీనిని తప్పించుటకు రచయితలు ప్రోగ్రామునంతటినీ హెచ్‌టీఎంఎల్ వ్యాఖ్యలో దాచెడివారు. జావాస్క్రిప్టు తెలిసిన బ్రౌజర్లు <!-- గుర్తును ఒక వరుస వ్యాఖ్యగా భావించి ముందుకు సాగెడివి. చివర --> గుర్తు కోడుగా పొరబడకుండా దాని ముందు // ఉంచుట ఆనాటి అలవాటు. వాడుకలో ఉన్న ఈ పద్ధతిని 2015 నాటి ఆరవ కూర్పు, వెబ్ బ్రౌజర్లకు వర్తించే అనుబంధంలో చేర్చినది. మాడ్యూళ్ళుగా వ్రాసిన కోడులో ఇది చెల్లదు. ఆ పాత బ్రౌజర్లు లేనందున దీని అవసరం కూడా నేడు లేదు.

రెండవది #! గుర్తు. యూనిక్స్ తరహా వ్యవస్థలలో, ఒక ఫైలును ఏ ప్రోగ్రాముతో నడపవలెనో ఈ గుర్తు తరువాత వ్రాయుదురు. బ్రౌజరు వెలుపల జావాస్క్రిప్టును నడిపే నోడ్ జేఎస్ దీనిని ముందు నుండీ అంగీకరించెడిది. 2023 నాటి కూర్పులో ఇది ప్రమాణంలో చేరినది. ఇది ఫైలులో మొట్టమొదటి అక్షరంగానే ఉండవలెను. దీనికి ముందు ఒక్క ఖాళీ ఉన్నను దోషమే.

ఒకే వెబ్ పేజీలో మూడు భాషలు కలిసి ఉండుట వలన విద్యార్థులు గుర్తులను తరచు తారుమారు చేయుదురు. హెచ్‌టీఎంఎల్‌లో <!-- --> మాత్రమే, సీఎస్ఎస్‌లో /* */ మాత్రమే చెల్లును. సీఎస్ఎస్‌లో // గుర్తు వ్యాఖ్యను మొదలుపెట్టదు.

== ఇంజిను వ్యాఖ్యను చూచే విధానం ==

ఇంజిను వ్యాఖ్యలను విడిచిపెట్టునని చెప్పుట స్థూలంగా నిజమే. సూక్ష్మంగా చూచినచో, అది వ్యాఖ్యను పదాల మధ్య ఉండే ఖాళీ వలె పరిగణించును. కాబట్టి ఒక పేరు మధ్యలో వ్యాఖ్య ఉంచినచో అది రెండు వేర్వేరు పేర్లుగా చీలిపోవును.

బహుళ వరుసల వ్యాఖ్యలో వరుస మార్పు ఉన్నచో, వ్యాకరణం దృష్టిలో ఆ వ్యాఖ్య ఒక వరుస మార్పుతో సమానం. జావాస్క్రిప్టు కొన్ని చోట్ల వరుస మారగానే వాక్యం ముగిసినదని భావించి సెమీకోలన్‌ను తానే చేర్చుకొనును. ఫంక్షను నుండి ఫలితాన్ని వెనుకకు పంపే రిటర్న్ అనే పదం అటువంటి చోటు. రిటర్న్ తరువాత రెండు వరుసల వ్యాఖ్య వ్రాసి, ఆ తరువాత ఫలితాన్ని వ్రాసినచో, వాక్యం రిటర్న్ వద్దనే ముగిసిపోవును. ఫంక్షను ఏ విలువనూ పంపదు. దోషసూచన కూడా రాదు. అదే వ్యాఖ్య ఒకే వరుసలో ఇమిడినచో ఫలితం సరిగా వచ్చును.

ఒక ఫంక్షను యొక్క పాఠాన్ని అక్షరరూపంలో అడిగే సదుపాయం జావాస్క్రిప్టులో కలదు. 2019 నాటి కూర్పు ప్రకారం ఇంజిను ఆ ఫంక్షనును మూలంలో ఉన్నది ఉన్నట్లుగా, లోపలి వ్యాఖ్యలతో సహా ఇవ్వవలెను.

వ్యాఖ్యల వలన ప్రోగ్రాము నెమ్మదించునా అనే సందేహం చాలామందికి కలదు. నేటి ఇంజిన్లలో, కోడును మొదటిసారి చదివేటప్పుడు వ్యాఖ్యలను దాటుకొని పోవుటకు పట్టే స్వల్ప సమయం తప్ప వేరే భారం లేదు. గూగుల్ క్రోమ్‌లోని వీ8 ఇంజిను విషయంలో మాత్రం ఒకప్పుడు ఒక విచిత్రం ఉండెడిది. క్రాంక్‌షాఫ్ట్ అనే దాని పాత భాగం, చిన్న ఫంక్షన్లను పిలిచిన చోటనే కలిపివేసి వేగం పెంచెడిది. ఫంక్షను చిన్నదా కాదా అని తేల్చుటకు 600 అక్షరాల పరిమితి పెట్టుకొని, ఆ లెక్కలో వ్యాఖ్యల అక్షరాలను కూడా కలిపెడిది. పొడవైన వ్యాఖ్య చేర్చినందువలననే ఫంక్షను వేగం తగ్గే అవకాశం ఆనాడు ఉండెను. 2017లో వీ8 యొక్క 5.9వ కూర్పుతో క్రాంక్‌షాఫ్ట్ స్థానంలో టర్బోఫాన్ వచ్చుటతో ఈ సమస్య తీరినది.

== సాధారణంగా జరిగే పొరపాట్లు ==

* కొటేషన్ గుర్తుల లోపల ఉన్న // వ్యాఖ్యను మొదలుపెట్టదు. అది స్ట్రింగులో భాగమే.

 సూచన = "// ఇది వ్యాఖ్య కాదు";

* రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను కూడా ఏటవాలు గీతల మధ్యనే వ్రాయుదురు. అటువంటి కోడును /* */ మధ్య ఉంచినచో ప్రమాదం కలదు. ఈ క్రింది వరుసలో వ్యాఖ్య, నక్షత్రం తరువాతి గీత వద్దనే ముగిసిపోవును. కోడును తాత్కాలికంగా ఆపుటకు // వాడుటయే క్షేమం అనుటకు ఇది ఒక కారణం.

 /* నమూనా = /[0-9]*/; */

* ఖాళీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనును // అని వ్రాయరాదు. అది వ్యాఖ్య అగును. దానికి బదులు /(?:)/ అని వ్రాయవలెను.

* వెబ్ పేజీలోనే వ్రాసిన జావాస్క్రిప్టు వ్యాఖ్యలో స్క్రిప్టు ముగింపు ట్యాగును ఉదాహరణగానైనా వ్రాయరాదు. పేజీని మొదట చదివేది హెచ్‌టీఎంఎల్. దానికి జావాస్క్రిప్టు వ్యాఖ్యలు తెలియవు. ముగింపు ట్యాగు కనబడగానే ప్రోగ్రాము అక్కడితో సరి అని భావించి, మిగిలిన కోడును తెరపై పాఠంగా చూపును.

* వెబ్ చిరునామాను కోడు మధ్యలో కొటేషన్లు లేకుండా పొరపాటున అతికించినను తరచు దోషం కనబడదు. కోలనుకు ముందున్న భాగాన్ని ఇంజిను ఒక లేబులుగా, // తరువాతి భాగాన్ని వ్యాఖ్యగా భావించును. తరువాతి వరుసలో మరొక వాక్యం ఉన్నచో ప్రోగ్రాము యథాప్రకారం నడచును.

== ఏమి వ్రాయవలెను ==

కోడు ఏమి చేయుచున్నదో కోడే చెప్పును. ఎందుకు అట్లు చేయుచున్నదో కోడు చెప్పలేదు. ఆ రెండవ దానిని చెప్పుటయే వ్యాఖ్య పని. ఈ రెండు ఉదాహరణలను పోల్చి చూడవలెను.

 // వయసు 18 లేదా అంతకు మించినదా అని చూచుట
 అర్హత = వయసు >= 18;

 // 61వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఓటు హక్కు వయసు 18
 అర్హత = వయసు >= 18;

మొదటి వ్యాఖ్య, కోడులో ఉన్నదానినే మరల చెప్పినది. దానిని తీసివేసినను చదివేవారికి నష్టం లేదు. రెండవది 18 అనే సంఖ్య ఎక్కడి నుండి వచ్చినదో చెప్పుచున్నది. భారతదేశంలో ఓటు హక్కు వయసు 1989లో 21 నుండి 18కి తగ్గినది. చట్టం మరల మారినచో ఏ వరుసను మార్చవలెనో ఈ వ్యాఖ్యను చదివినవారికి వెంటనే తెలియును. ప్రోగ్రాములో 18 అనే సంఖ్య మరెన్ని చోట్ల ఉన్నను, వాటిలో ఓటు హక్కుకు సంబంధించినది ఏదో గుర్తించవచ్చును.

కోడు చూచుటకు తప్పుగా కనిపించి, నిజానికి సరియైనదిగా ఉన్న చోట వ్యాఖ్య తప్పనిసరి. జావాస్క్రిప్టులో తేదీ నుండి నెలను అడిగినచో జనవరికి 0, డిసెంబరుకు 11 వచ్చును. ఈ పద్ధతి జావా భాష నుండి సంక్రమించినది. అందుచేత ప్రోగ్రాములలో ఇటువంటి వరుస కనిపించును.

 నెల = నెల + 1; // తేదీలో నెలలు 0 నుండి మొదలగును

వ్యాఖ్య లేనిచో, కొత్తగా వచ్చినవారు ఒకటి కలుపుట పొరపాటని తలచి తీసివేయవచ్చును. అప్పుడు ప్రోగ్రాము ఆగదు. మార్చి నెల రసీదుపై ఫిబ్రవరి అని మాత్రం ముద్రించబడును.

డబ్బు లెక్కలు మరొక ఉదాహరణ. జావాస్క్రిప్టులో 0.1, 0.2 కలిపినచో 0.3 రాదు, 0.30000000000000004 వచ్చును. దశాంశ భిన్నాలను ద్విసంఖ్యామానంలో కచ్చితంగా నిలువ చేయలేకపోవుటయే దీనికి కారణం. కాబట్టి అనుభవజ్ఞులు మొత్తాలను రూపాయలలో కాక పైసలలో, పూర్ణసంఖ్యలుగా ఉంచుదురు. ఆ కారణం కోడులో కనబడదు.

 // దశాంశాల దోషం రాకుండా మొత్తాలన్నీ పైసలలో ఉంచబడినవి
 మొత్తం_పైసలు = ధర_పైసలు * సంఖ్య;

ఈ ఉదాహరణలో చలరాశి పేరు కూడా కొంత పని చేయుచున్నదని గమనించవలెను. మంచి పేరుతో చెప్పగలిగిన దానిని పేరుతోనే చెప్పవలెను. పేరుతో చెప్పలేని కారణాన్ని, పరిమితిని, షరతును మాత్రమే వ్యాఖ్యకు వదలవలెను. అర్థం కాని కోడుకు పొడవైన వ్యాఖ్య జతచేయుట కంటె, కోడునే అర్థమయ్యేటట్లు తిరిగి వ్రాయుట మేలు.

== కాలం చెల్లిన వ్యాఖ్యలు ==

వ్యాఖ్యల వలన కలిగే హానిలో పెద్దది ఇదే. వ్రాసిన నాడు నిజమైన వ్యాఖ్య, కోడు మారిన తరువాత అబద్ధమగును.

 పన్ను = ధర * 0.18; // పన్ను 12 శాతం

ఈ వరుసను చూచినవారికి రెండు సందేహాలు కలుగును. పన్ను 12 నుండి 18 శాతానికి పెరిగినపుడు కోడును మార్చి వ్యాఖ్యను మరచిరా? లేక పన్ను 12 శాతమే ఉండగా కోడులో ఎవరో పొరపాటున 18 వ్రాసిరా? మొదటిది నిజమైనచో నష్టం లేదు. రెండవది నిజమైనచో ప్రతి కొనుగోలుదారు వద్దా ఎక్కువ వసూలు అగుచున్నది. ఇంజినుకు మాత్రం ఈ రెండింటికీ తేడా తెలియదు. వ్యాఖ్య అసలే లేనిచో పాఠకుడు పన్ను రేటును వేరే చోట సరిచూచుకొనెడివాడు. ఉన్న వ్యాఖ్య అతనిని తప్పుదారి పట్టించవచ్చును.

1974లో బ్రయాన్ కెర్నిగన్, పీ. జే. ప్లాగర్ వ్రాసిన ప్రోగ్రామింగు శైలి గ్రంథం కూడా వ్యాఖ్య, కోడు ఒకదానితో ఒకటి ఏకీభవించవలెనని బోధించినది. దీనికి ఆచరణలో మూడు జాగ్రత్తలు ఉపకరించును. వ్యాఖ్యను అది వివరించే కోడుకు వీలైనంత దగ్గరగా ఉంచవలెను. కోడులోని సంఖ్యను వ్యాఖ్యలో మరల వ్రాయరాదు. ఇతరుల మార్పులను పరిశీలించేటప్పుడు, మారిన కోడుతో బాటు దాని పైనున్న, మారని వ్యాఖ్యను కూడా చదువవలెను.

== కోడును వ్యాఖ్యగా మార్చుట ==

దోషం ఎక్కడున్నదో వెదకునపుడు కొన్ని వరుసల ముందు // ఉంచి వాటిని తాత్కాలికంగా ఆపుట అందరూ చేసే పని. అనేక ఎడిటర్లలో కంట్రోల్ మీటతో బాటు ఏటవాలు గీత మీటను నొక్కినచో ఎంచుకొన్న వరుసలన్నీ ఒకేసారి వ్యాఖ్యలగును. మరల నొక్కినచో తిరిగి కోడు అగును.

పని ముగిసిన తరువాత అట్టి వరుసలను తొలగించవలెను. అవి మిగిలిపోయినచో, ఎందుకు ఆపబడినవో, మరల అవసరమగునో కాదో తెలియక తరువాతివారు వాటిని ముట్టుకొనుటకు జంకుదురు. పాత కోడును భద్రపరచుటకు 2005లో మొదలైన గిట్ వంటి వ్యవస్థలు ఉన్నందున, దానిని ఫైలులో దాచవలసిన పని లేదు.

చేయవలసిన పనిని గుర్తు చేసుకొనుటకు టూడూ అని, సరిచేయవలసిన దోషాన్ని సూచించుటకు ఫిక్స్‌మీ అని పెద్ద ఇంగ్లీషు అక్షరాలలో వ్రాయుట వాడుక. పని ఏమిటో, ఏది జరిగిన తరువాత చేయవలెనో కూడా అక్కడే వ్రాసినచో ఆ గుర్తు ఉపయోగపడును. లేనిచో అది ఏళ్ళ తరబడి అట్లే నిలిచిపోవును.

== పనిముట్లు చదివే వ్యాఖ్యలు ==

ఇంజిను వ్యాఖ్యలను పట్టించుకొనకపోయినను, ప్రోగ్రామర్లు వాడే ఇతర పనిముట్లు కొన్ని వ్యాఖ్యలను చదువును.

* జేఎస్‌డాక్: రెండు నక్షత్రాలతో (/**) మొదలయ్యే ఈ వ్యాఖ్యలలో @ గుర్తు గల ట్యాగులతో, ఫంక్షనుకు ఇవ్వవలసిన విలువలు ఏ రకమైనవో, అది ఏమి తిరిగి పంపునో వివరించుదురు. ఈ పద్ధతికి జావా భాషలోని జావాడాక్ ఆదర్శం. వీటి నుండి సహాయ పత్రాలు తయారు చేయవచ్చును. ఎడిటర్లు వీటిని చదివి, ఫంక్షను పేరు వ్రాయగానే వివరం చూపును.

* టైప్‌స్క్రిప్టు: మైక్రోసాఫ్ట్ సంస్థ 2012లో విడుదల చేసిన టైప్‌స్క్రిప్టు, జేఎస్‌డాక్ వ్యాఖ్యల ఆధారంగా మామూలు జావాస్క్రిప్టు ఫైళ్ళను కూడా తనిఖీ చేయగలదు. వ్యాఖ్యలో ఒక భాగాన్నైనా యంత్రం సరిచూచే అరుదైన సందర్భం ఇది. రకాల వివరాలను కోడులోనే వ్రాసి, ఇంజిను వాటిని వ్యాఖ్యల వలె విడిచిపెట్టవలెనన్న ప్రతిపాదన 2022 మార్చిలో ప్రమాణ సంఘం వద్ద మొదటి దశకు చేరినది.

* ఈఎస్‌లింట్: 2013లో నికొలస్ జకాస్ ప్రారంభించిన ఈ పనిముట్టు కోడులోని లోపాలను ఎత్తిచూపును. ఒక నియమాన్ని ఒక వరుసకు మాత్రం సడలించవలెనన్న ఆదేశాన్ని వ్యాఖ్యగానే ఇవ్వవలెను. సడలింపుకు కారణం కూడా దాని వద్దనే వ్రాయుట మంచి అలవాటు.

* కోడును కుదించే పనిముట్లు: వెబ్ సైటులో ఉంచేముందు ఫైలు పరిమాణం తగ్గించుటకు ఇవి వ్యాఖ్యలను తీసివేయును. కాపీహక్కుల ప్రకటనలు పోకుండా, /*! తో మొదలయ్యే వ్యాఖ్యలను వీటిలో అనేకం అట్లే ఉంచును.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 నుండి 10 వరకు గల కూర్పులలో, /*@ తో మొదలయ్యే ఒక ప్రత్యేక వ్యాఖ్య లోపలి కోడును బ్రౌజరే ఆచరించెడిది. ఇతర బ్రౌజర్లకు అది వట్టి వ్యాఖ్య.

== జేసన్‌లో వ్యాఖ్యలు లేకపోవుట ==

జావాస్క్రిప్టు నుండి పుట్టిన జేసన్ అనే సమాచార రూపంలో వ్యాఖ్యలకు చోటు లేదు. దానిని ప్రచారంలోనికి తెచ్చిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్, తానే వాటిని తొలగించితినని 2012లో వివరించెను. కొందరు వ్యాఖ్యలలో యంత్రానికి ఆదేశాలు వ్రాయుచుండుట చూచి, అట్లు జరిగినచో ఒకే ఫైలును ఒక్కొక్క ప్రోగ్రాము ఒక్కొక్క విధంగా అర్థం చేసుకొనునని ఆయన భయపడెను. అమరికల ఫైళ్ళలో వివరణలు వ్రాయలేకపోవుట మాత్రం చాలామందికి ఇబ్బందిగానే ఉన్నది. జేసన్5 వంటి రూపాలు వ్యాఖ్యలను అనుమతించును.

== భద్రత ==

బ్రౌజరులో నడిచే జావాస్క్రిప్టు మూలం సందర్శకుని కంప్యూటరుకు చేరును. పేజీ మూలాన్ని చూచే సదుపాయం బ్రౌజర్లలో ఉన్నందున, కుదించకుండా ఉంచిన ఫైలులోని వ్యాఖ్యలను ఎవరైనా చదువవచ్చును. కాబట్టి సంకేతపదాలు, సేవలకు సంబంధించిన రహస్య తాళాలు, ఇంకను సరిచేయని లోపాల వివరాలు వ్యాఖ్యలలో వ్రాయరాదు. పొరపాటున వ్రాసినచో వ్యాఖ్యను తుడిచివేయుట చాలదు. గిట్ వంటి వ్యవస్థ పాత కూర్పులను కూడా దాచి ఉంచును. ఆ రహస్య తాళాన్ని రద్దు చేసి కొత్తది తీసుకొనవలెను.

2021 నవంబరులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ట్రోజన్ సోర్స్ అనే దాడి పద్ధతిని ప్రకటించిరి. అరబిక్, హీబ్రూ వంటి లిపులు కుడి నుండి ఎడమకు సాగును. వాటిని ఇతర లిపులతో కలిపి వ్రాయుటకు యూనికోడులో కంటికి కనబడని దిశాసూచక అక్షరాలు కలవు. వీటిని వ్యాఖ్యలలో ఉంచినచో, తెరపై అక్షరాల వరుస మారిపోవును. మనిషికి వ్యాఖ్యగా కనిపించినది యంత్రానికి కోడు, మనిషికి కోడుగా కనిపించినది యంత్రానికి వ్యాఖ్య అగును. ఈ పద్ధతి జావాస్క్రిప్టుతో సహా అనేక భాషలలో సాధ్యమని వారు చూపిరి. పిమ్మట గిట్‌హబ్, విజువల్ స్టూడియో కోడ్ వంటివి అట్టి అక్షరాలు కనిపించినపుడు హెచ్చరిక చూపసాగినవి.

== తెలుగులో వ్యాఖ్యలు ==

జావాస్క్రిప్టు ప్రమాణం మొదటి నుండి యూనికోడు ఆధారంగా వ్రాయబడినది. 1997 నాటి మొదటి కూర్పులో ఇంగ్లీషేతర అక్షరాలు వ్యాఖ్యలలోనూ స్ట్రింగులలోనూ మాత్రమే చెల్లెడివి. 1999 నాటి మూడవ కూర్పు నుండి చలరాశుల, ఫంక్షన్ల పేర్లలో కూడా చెల్లుచున్నవి. అనగా జావాస్క్రిప్టులో తెలుగుకు మొదట చోటు దొరికిన స్థానాలలో వ్యాఖ్య ఒకటి.

తెలుగు వ్యాఖ్యలు వ్రాసిన ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచవలెను. ఈ పద్ధతిలో తెలుగు లిపి సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకొనును. వ్యాఖ్య అనే పదంలో అచ్చులు, వత్తులకు సంబంధించిన గుర్తులతో కలిపి ఏడు సంకేతాలున్నందున, దానికి 21 బైట్లు పట్టును. ఫైలును కుదించినపుడు వ్యాఖ్యలు తొలగును గనుక ఈ భారం పాఠకునిపై పడదు. ఫైలును బ్రౌజరు వేరే పద్ధతిలో చదివినచో తెలుగు అక్షరాలు చెదరిపోవును. అవి వ్యాఖ్యలో ఉన్నచో ప్రోగ్రాముకు హాని లేదు. స్ట్రింగులో ఉన్నచో తెరపై చెదరిన అక్షరాలే కనిపించును. మాడ్యూళ్ళను మాత్రం బ్రౌజర్లు ఎల్లప్పుడూ యూటీఎఫ్-8గానే చదువును.

ఏ భాషలో వ్యాఖ్య వ్రాయవలెననేది ఆ కోడును చదువబోయేవారిని బట్టి నిర్ణయించుకొనవలెను. వివిధ దేశాలవారు పాల్గొనే ప్రోగ్రాములలో ఇంగ్లీషు వాడుక. నేర్చుకొనే విద్యార్థి తన కోడుకు కారణాలను తెలుగులో వ్రాసుకొనుటకు ఏ అడ్డంకియూ లేదు. తనకు వచ్చిన భాషలో కారణం వ్రాయలేకపోయినచో, ఆ కోడు తనకే ఇంకను అర్థం కాలేదని అతడు గ్రహించవచ్చును.

== ఇవి కూడా చూడండి ==

* జావాస్క్రిప్టు
* హెచ్‌టీఎంఎల్
* సి ప్రోగ్రామింగు భాష
* యూనికోడు
* జేసన్